లాటెక్స్ పరుపు కొనేవాళ్లు ముందు జిప్పు తెరిపించి చూడండి

షోరూములో మన చేతికిచ్చే నమూనా ముక్క వేరు, ఇంటికి చేరే పరుపు వేరు. లాటెక్స్ పరుపు కొనే ఆలోచన ఉన్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి.

నాన్నగారికి నడుము నొప్పి. "నూరు శాతం సహజ లాటెక్స్, కేరళ రబ్బరు పాలతో చేసింది" అని ఒక దుకాణంవాళ్లు హామీ ఇస్తే ఆరంగుళాల పరుపు తీసుకున్నాం. ధర మామూలు ఫోమ్ పరుపుకు రెండింతల పైమాటే. వేసవి దాటకముందే నడుము ఆనేచోట గుంట పడింది. కవరు తీసి చూస్తే పైన ఒక్క అంగుళమే లాటెక్స్, కింద ఐదంగుళాలూ పాలియురేథేన్ ఫోమ్, అంటే మామూలు ఫోమే!

నిలదీస్తే యజమాని తడుముకోలేదు. "పైన ఉన్నది లాటెక్సే కదండీ, బిల్లులోనూ లాటెక్స్ పరుపు అనే రాశాం" అన్నాడు. నిజమే, "నూరు శాతం" అన్నది నోటిమాటగానే మిగిలింది. ఆ అంగుళమైనా చెట్టు పాలతో చేసిందేనా అంటే అదీ అనుమానమే. స్టైరీన్, బ్యూటాడయీన్‌ అనే రసాయనాలతో ఫ్యాక్టరీలో తయారయ్యేదీ లాటెక్సే. చెట్టు లాటెక్స్, ఫ్యాక్టరీ లాటెక్స్ రెండూ కలిపి చేసే పరుపులూ ఉన్నాయి. వాటిని అమ్మడంలో తప్పు లేదు. సహజమని చెప్పి ఆ ధర గుంజడమే మోసం.

ముందు బరువు చూడండి. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉంటే పూర్తి లాటెక్స్ పరుపు దాదాపు 30 కిలోలు తూగుతుంది. మాకు తెచ్చిన కుర్రాడు ఒక్కడే భుజాన వేసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కేశాడు! రంధ్రాలు చూసి మురిసిపోవద్దు. లాటెక్స్‌ను ఉడికించేటప్పుడు వేడి లోపలి దాకా అందడానికి అచ్చులో పిన్నులు ఉంటాయి, ఆ రంధ్రాలు వాటివల్ల వచ్చేవి. ఫోమ్‌కూ రంధ్రాలు పొడిచి అమ్ముతున్నారు. కవరు జిప్పు పూర్తిగా తీయించి పక్క నుంచి పొరలు చూడండి. జిప్పే లేకుండా కుట్టేసిన పరుపైతే నేను ఇక ఆ దుకాణం మెట్లెక్కను.

బిల్లులో ఏ పొర ఎన్ని అంగుళాలు, దేనితో చేసింది, సాంద్రత ఎంత అన్నది రాయించుకోండి. రాయనంటే డబ్బు కట్టవద్దు. ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయండి. బిల్లు, ప్రకటన, తెరిచిన పరుపు ఫోటోలు దగ్గర పెట్టుకోండి. మా ఫిర్యాదు నమోదైంది, దుకాణం జవాబు ఇంకా రాలేదు.

ఇంకొకటి, రబ్బరు చేతితొడుగులు, బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే సహజ లాటెక్స్ కొనేముందు డాక్టరును అడగండి.