సంక్రాంతి సెలవుల్లో మంచు మీద జారాలంటే: సోలంగా, గుల్మార్గా, ఆల్ప్సా?

విజయనగరంలోనో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లోనో రైలెక్కి మంచు చూడ్డానికి బయలుదేరేవాళ్లు ముందు ఊరు ఖాయం చేసుకుంటారు. స్లెడ్జ్ (మంచు మీద జారే బండి) సంగతి అక్కడికెళ్లాక చూద్దాం అనుకుంటారు. ఫొటోలు దిగి వచ్చేయడానికైతే అది చాలు. పిల్లల్ని వెంటబెట్టుకొని కొండవాలు మీద జారాలనుకుంటే మాత్రం ముందు బండి, తర్వాత వాలు, ఆ తర్వాతే ఊరు. దెబ్బలు తగిలేది ఊరు వల్ల కాదు, ఆపడం చేతకాని బండి వల్ల, చివర ఖాళీ లేని వాలు వల్ల.

బండ్లు మూడు రకాలు: ట్యూబ్, ప్లాస్టిక్ బండి, చెక్క స్లెడ్జ్. వీటిలో ట్యూబ్ చూడ్డానికి మెత్తగా, భయం లేనట్టు ఉంటుంది. లారీ ట్యూబులా గాలి నింపి ఉంటుంది కాబట్టి పిల్లలకు ఇదే క్షేమమని పెద్దలు అనుకుంటారు. నిజానికి మూడింటిలో మన చేతిలో లేనిది ఇదే. అడుగున అంచంటూ లేదు, ఏ పక్కకైనా ఒకేలా జారుతుంది. అందుకే దిగుతూ దిగుతూ గిర్రున తిరుగుతుంది. వీపు ముందుకు తిరిగిందంటే ఎదురుగా ఎవరున్నారో కనబడదు, కనబడినా ఆపే దారి లేదు. రెండు పక్కలా మంచు గట్టు కట్టి, చివర చదునైన ఖాళీ జాగా వదిలి, ఒకరు దిగి పక్కకు తప్పుకున్నాకే ఇంకొకరిని వదిలే చోట ట్యూబ్ ఎక్కండి. బయట వాలు మీద వద్దు.

ప్లాస్టిక్ బండికి రెండు పక్కలా బ్రేకు పిడులుంటాయి. ఎడమది లాగితే ఎడమకు తిరుగుతుంది, రెండూ లాగితే ఆగుతుంది. తేలిక కాబట్టి కొత్తగా పడిన మెత్తటి మంచులో కూరుకుపోదు. అదే మంచు రాత్రి గడ్డకట్టి పొద్దున్నే అద్దంలా ఉందనుకోండి, ఆ పిడులు పైపైన గీతలు పెడతాయి తప్ప పట్టు దొరకదు. ఎండ తగిలి పై పొర కాస్త మెత్తబడే దాకా ఆగాలి.

మా ఓటు చెక్క స్లెడ్జ్‌కి. ఆల్ప్స్‌లో పాతకాలం నుంచీ వాడే దావోస్ రకాన్ని గట్టి యాష్ కర్రతో చేస్తారు, అడుగున రెండు కమ్మీలకు ఉక్కు పట్టీ ఉంటుంది. ఒకరికి మీటరు లోపు పొడవు సరిపోతుంది, ఇద్దరు కూర్చోవాలంటే మీటరు దాటిందే కావాలి. తొక్కి గట్టిపడిన మంచు మీద ఈ పట్టీలు గీత గీసినట్టు తిన్నగా పోతాయి. లోతైన కొత్త మంచులో మాత్రం దిగబడతాయి. అద్దెకు తీసుకునేటప్పుడు బండిని తిరగేసి చూడండి. పట్టీ తుప్పు పట్టి ఉంటే సరిగా జారదు, పట్టీ మేకు పైకి లేచి ఉంటే ఒక పక్కకే లాగేస్తుంది. రెండిట్లో ఏది కనబడినా వేరే బండి అడగండి.

ఆపడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. కళింగపట్నం వైపు ఇసుక దిబ్బల మీద తాటిమట్ట వేసుకొని జారిన పిల్లలకు మడమలు గుచ్చి ఆపడం అలవాటు. మంచులో ఆ అలవాటు పనికిరాదు. మడమ గుచ్చుకుంటే మంచు ఎగిరి కళ్లలో పడుతుంది, కాలు అక్కడే ఉండిపోయి ఒళ్లు ముందుకు పోతుంది, మోకాలు మెలితిరుగుతుంది. స్లెడ్జ్ మీద వెనక్కి జరిగి కూర్చొని, రెండు పాదాలూ బండికి ఆ పక్కా ఈ పక్కా పెట్టి, అరికాలు మొత్తం మంచుకు ఆనించి మెల్లగా నొక్కాలి. ఎడమకు తిరగాలంటే ఎడమ పాదం మాత్రం తేలిగ్గా ఆనించాలి. ఉన్నపళాన ఆపాల్సొస్తే పాదాలు నొక్కుతూనే తాడుతో బండి ముందు కొసల్ని పైకి లాగి వెనక్కి వాలాలి. ఆ తాడు చేతిలో పట్టుకోవాలే గానీ మణికట్టుకు చుట్టుకోకూడదు. పడితే బండితో పాటు ఈడ్చుకుపోతుంది.

పిల్లతో కలిసి కూర్చుంటే పెద్దవాళ్లు వెనక ఉండాలి, ఆపే పాదాలు వాళ్లవి. పిల్ల కాళ్లు బండి మీదే ఉండాలి. చిన్న పాదం కిందికి జారి మంచులో తట్టుకుంటే వెనకున్న పెద్దవాళ్ల బరువంతా ఆ కాలి మీదికే వస్తుంది. ఇద్దరి బరువుతో ఆగడానికి దూరం కూడా ఎక్కువ పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8 మీటర్ల పైనే, మీరు ఉలిక్కిపడి కాలు కింద పెట్టే లోపే ఆ దూరం అయిపోతుంది. కాబట్టి ఎక్కేముందు వాలు దిగువకు చూడండి: చెట్టు, బండరాయి, టీ కొట్టు, గుర్రాలు ఏవీ లేని చదును ఉందా? ముందు దిగిన ఇద్దరు ఎక్కడ ఆగారో గమనించి, అంతకు రెట్టింపు ఖాళీ ఉంటేనే కూర్చోండి.

ఇక ఊళ్లు. సోలంగ్ మనాలీకి 13 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 2,500 మీటర్లు. మన వాళ్లకు ఖర్చులో అందుబాటులో ఉండేది ఇదే. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా పోయే సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి రాత్రి బస్సు. రానూపోనూ కలిపి సెలవుల్లో ఐదు రోజులు ప్రయాణానికే పోతాయి, కాబట్టి భోగికి ఇంట్లో ఉండడం కుదరదు. ఆ ఎత్తులో జనవరి మొదట్లో మంచుకు హామీ లేదు. లేకపోతే 2020లో తెరిచిన అటల్ సొరంగం దాటి సిస్సూ వెళ్లొచ్చు, అది 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది. పెద్ద మంచు పడినప్పుడు మాత్రం సొరంగం దారి మూసేస్తారు.

కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఎత్తు 2,650 మీటర్లు. వాలు విశాలం, మంచు మెత్తన, ఉండేది చెక్క స్లెడ్జే. ఇక్కడ స్లెడ్జ్ మనిషి తాడు కట్టి మిమ్మల్ని పైకి లాగుతాడు, దిగేటప్పుడు తానూ కూర్చుంటాడు, ఆపడం ఆయన పని. మొదటిసారి జారేవాళ్లకు, అరవై దాటిన అమ్మమ్మలకు ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదు. ఎన్నిసార్లు, ఎంత దూరం, ఎంత డబ్బు అన్నది పైకి లాగకముందే తేల్చుకోండి, లాగాక బేరమాడితే ఆయన కష్టాన్ని తక్కువ చేసినట్టే. కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు, గండోలా, రెండో దశ 3,900 మీటర్లు దాటుతుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు మొదటి దశతో ఆగిపోవాలి. ఇక్కడా మంచు రాసిచ్చింది కాదు: 2024 జనవరి చాలా రోజులు గుల్మార్గ్ బోసిగా ఉండిపోయింది. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ స్కీయింగ్ నేర్చుకునేవాళ్ల ఊరు. స్లెడ్జ్ కోసమే అంత దూరం పోనక్కర్లేదు.

కొండ మీంచి కిలోమీటర్ల కొద్దీ జారే దారి కావాలంటే మాత్రం ఆల్ప్స్‌కే పోవాలి. స్విట్జర్లాండ్‌లో ప్రేడా నుంచి బెర్గూన్ దాకా 6 కిలోమీటర్లు. ఎండాకాలం కార్లు తిరిగే కనుమదారిని చలికాలంలో మూసి స్లెడ్జ్‌లకు వదిలేస్తారు. 400 మీటర్లకు పైగా దిగుతారు, కింద రైలెక్కి స్లెడ్జ్‌తో సహా మళ్లీ పైకి పోతారు. గ్రిండెల్వాల్డ్ పైన ఫౌల్‌హార్న్ నుంచి వచ్చే దారి 15 కిలోమీటర్లు, కానీ కేబుల్ కారు దిగాక రెండున్నర గంటలు స్లెడ్జ్ ఈడ్చుకుంటూ ఎక్కాలి, పిల్లలతో కుదరదు. ఆల్ప్స్‌లో లాగే మనిషి ఉండడు, ఆపడం మీ పాదాల పనే. అందుకే గుల్మార్గ్‌లో ఒకసారి జారినవాళ్లకే ఈ దారి మేలంటాం. స్విట్జర్లాండ్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

బట్టల దగ్గర మన వాళ్లు చేసే తప్పు జీన్స్. తడిస్తే ఆరదు, సాయంత్రానికి అట్టలా బిగుసుకుంటుంది. నూలు బనియన్ కూడా చెమట పట్టి చల్లబడుతుంది, లోపల ఉన్నిది వేయండి. మనాలీ దారిలో అద్దెకిచ్చే గంబూట్లు వదులుగా ఉంటాయి, రెండేసి జతల మేజోళ్లు తొడిగితే గానీ పాదం నిలవదు. మనిషికి మరో జత సంచిలో ఉంచండి. చున్నీ, చీర కొంగు, మఫ్లర్ చివర్లు స్వెట్టర్ లోపలికి దోపాలి, కమ్మీ కింద పడితే మెడ బిగుస్తుంది. మంకీ క్యాప్ చలికి సరే, తలకు దెబ్బ తగలకుండా అది ఆపదు. హెల్మెట్ అద్దెకు దొరికితే సరే, లేకపోతే పిల్లల సైకిల్ హెల్మెట్ ఇంటి నుంచే పెట్టెలో పెట్టుకెళ్లండి.