మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో కదిలే షేర్ చార్టులు: వత్తుల దగ్గరే పేచీ

భీమవరం, అమలాపురం వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు షేర్ల వీడియో చూసేది ఫోన్‌లో. గీత కంటే ముందు చదివేది కంపెనీ పేరు. ఆ పేరే చెడిపోయి పడితే గీత ఎంత అందంగా కదిలినా ఏం లాభం? పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీ మీద నా ఫిర్యాదు ఇదే. ఎన్నాళ్లు వాడినా తగ్గలేదు.

తణుకు ఆంధ్రా షుగర్స్, కాకినాడ అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్, రొయ్యల మేత చేసే అవంతి ఫీడ్స్, ఈ మూడూ ఒకే చార్టులో పెట్టారనుకోండి. ఫాంట్ మార్చకపోతే అక్షరాల బదులు డబ్బాలొస్తాయి. గౌతమి, మండలి లాంటి తెలుగు ఫాంటు పెడితే డబ్బాలు పోతాయి, అసలు తంటా అప్పుడు మొదలవుతుంది. నేను వాడిన వెర్షన్లన్నీ యూనికోడ్ గుర్తులను ఒక్కొక్కటిగా పక్కపక్కన పేర్చేస్తాయి. 'ఆంధ్రా'లో ధకు క్రారవడి చుట్టుకోదు. ధ, పక్కన పొల్లు, తర్వాత నిండు ర, ఆ తర్వాత విడిగా దీర్ఘం పడతాయి. 'ఫీడ్స్'లో ఫ తలకట్టు పోకుండానే దానిమీద గుడిదీర్ఘం ఎక్కుతుంది. తప్పు ఫాంటుది కాదు. వత్తుల రూపాలన్నీ అందులో ఉన్నాయి, వాటిని ఎంచి అమర్చే హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ వెర్షన్లలో మధ్యలో లేదు. కాబట్టి ఫాంట్లు మార్చి చూడడం వృథా.

కుదిరే దారి ఒకటుంది: పేర్లను ముందే బొమ్మలుగా చేసుకోవడం. పైథాన్‌లోనే బొమ్మలు చేసే పిల్లో లైబ్రరీలో, అక్షరాలను కూర్చే రాక్మ్ లేఅవుట్ ఇంజిన్ ఉంటే తెలుగు నిక్షేపంగా వస్తుంది. ముందు ఫీచర్స్.చెక్‌తో రాక్మ్ ఉందో లేదో చూడండి. విండోస్‌లో దానికి కావాల్సిన ఫ్రిబిడి అనే డీఎల్‌ఎల్ ఫైలు లేకపోతే లేదనే అంటుంది. అప్పుడు బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాములో పేరు టైపు చేసి, వెనకరంగు లేని పీఎన్‌జీగా ఎగుమతి చేసుకోవడమే సులువు. ఆ బొమ్మను మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ఆఫ్‌సెట్‌ఇమేజ్‌లో పెట్టి, యానొటేషన్‌బీబాక్స్‌తో గీత కొసకు తగిలించాలి. మసక ఇక్కడే వస్తుంది. చార్టు 16×9 అంగుళాలు, 120 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అయితే వీడియో 1920×1080 వస్తుంది, కానీ ఆఫ్‌సెట్‌ఇమేజ్ తనంతట తాను బొమ్మను 120/72 వంతున పెంచేస్తుంది. జూమ్ 0.6 ఇస్తే పిక్సెల్‌కు పిక్సెల్ సరిపోయి అక్షరం అంచు పదునుగా ఉంటుంది. ఫోన్‌లో క్రారవడి ఆనాలంటే ఆ పదును ఉండాల్సిందే. తేదీలు, ధరలు అంకెలే కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

ఇక మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చార్టును కదిలించే ఫంక్‌యానిమేషన్ అంటే నాకిష్టమే. ప్రతి ఫ్రేముకూ అంతా చెరిపి మళ్లీ గీయకుండా సెట్_డేటాతో గీతను పొడిగిస్తే పని తేలిక. ట్రేడింగ్ రోజుకో ఫ్రేము, సెకనుకు 30 అంటే ఏడాది ధరలు ఎనిమిది సెకన్లలో పరుగెడతాయి. అయితే వేగం కోసం, మారిన భాగాన్నే మళ్లీ గీసే బ్లిట్ పెడితే తెరమీద గీత కదులుతుంది గానీ అక్షం మీది తేదీలు అక్కడే నిలిచిపోతాయి. ఫైలుగా సేవ్ చేసేటప్పుడు బ్లిట్‌ను అదే పక్కన పెడుతుంది కనుక వీడియోలో సరిగానే వస్తాయి. ఫ్రేములను ఒక్కొక్కటిగా అందించే జనరేటర్‌తో ఇచ్చి, ఎన్ని సేవ్ చేయాలో సేవ్_కౌంట్‌లో చెప్పకపోతే 3.7కు ముందు వెర్షన్లలో వందో ఫ్రేము దగ్గర వీడియో ఆగిపోయేది, ఐదేళ్ల డేటా ఇచ్చినా అయిదు నెలలే కనబడేవి.

డేటా సంగతి కూడా చెప్పాలి. ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే ధరల ఫైలు, అంటే భావ్‌కాపీలోని ధరలు స్ప్లిట్లకు, బోనస్‌లకు సర్దినవి కావు. అవంతి 2018లో రెండు రూపాయల షేరును రూపాయి షేర్లుగా విడదీసి, పైగా రెండింటికి ఒకటి బోనస్ ఇచ్చింది. ఒక షేరు మూడయింది. అంతకు ముందు రోజుల ధరలను మూడుతో భాగించకపోతే గీత ఒక్క ఫ్రేములో గోతిలో పడుతుంది. కదలని చార్టులో కంటే వీడియోలో అది మరీ భయపెడుతుంది, చూసినవాళ్లు కంపెనీ మునిగిందనుకుంటారు.

నా వీడియోల్లో పేర్లు మూడో నాలుగో, అవీ మారవు కాబట్టి ఈ బొమ్మల పద్ధతితో నెట్టుకొస్తున్నాను. క్షణక్షణం తెలుగు శీర్షిక మారాల్సిన వీడియోకైతే దీన్ని తీసుకోమనను. దానికి బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ లైబ్రరీ డీ3 నయం, వత్తులన్నీ బ్రౌజరే కూరుస్తుంది. కాకపోతే దాన్ని ఎంపీ4గా మార్చే ఏర్పాటు విడిగా చూసుకోవాలి. జావాస్క్రిప్ట్ రానివాళ్లకు ఆ పని పిల్లో, ఇంక్‌స్కేప్‌ల కంటే బరువే.