మక్తా గోడలు, బన్సీలాల్‌పేట మెట్లు

హైదరాబాద్‌లో చార్మినార్, గోల్కొండ ఇదివరకే చూసేసినవాళ్ళు ఈసారి ఎంఎస్ మక్తాకి వెళ్ళండి. ఖైరతాబాద్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. ఒకపక్క రాజ్‌భవన్ రోడ్డు, ఇంకోపక్క హుస్సేన్‌సాగర్, మధ్యలో ఇరుకు గల్లీల బస్తీ ఇది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ జరిపిన వీధి చిత్రకళా ఉత్సవంలో చిత్రకారులు ఇక్కడి ఇళ్ళ గోడల మీదే పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. అప్పటినుంచి దీన్ని మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు.

మా చెల్లీ నేనూ ఎండ ముదరకముందే వెళ్ళాం. నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు, స్కూటర్లు దాటుకుంటూ బొమ్మలు వెతుక్కోవాలి. కొన్ని ఇంకా రంగు చెదరకుండా ఉన్నాయి, కొన్ని వానలకి పెచ్చులూడాయి. ఒక గోడ మీద మనిషి ముఖం, సరిగ్గా చెంప దగ్గర కొత్తగా కిటికీ పెట్టుకున్నారు. నాకది తప్పనిపించలేదు. ఇల్లు వాళ్ళది, గాలి కావాలి. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఏడికెళ్ళి వచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది. వరంగల్ నుంచి అని చెప్పాం. "గోడల ఫొటోలు తీస్కోండ్రి, ఇండ్లల్లకి మాత్రం తియ్యకుండ్రి" అంది. బొమ్మ వేసేటప్పుడు వాళ్ళ మనవడు రంగు డబ్బాలు అందించాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

అక్కడ నాకు బలంగా అనిపించింది ఒక్కటే. బొమ్మ వేయడానికి డబ్బు, మనుషులు దొరుకుతారు. ఐదేళ్ళ తర్వాత దానికి మళ్ళీ రంగు వేసేదెవరు? ఆ బస్తీ పిల్లలకే కుంచె పట్టడం నేర్పి, ఏటా కొంత డబ్బు పక్కన పెడితే ఆ గోడలు బతుకుతాయి. ఆ గోడల కింద మోరీ కూడా బాగుపడాలి. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయే మాలాంటివాళ్ళ వల్ల బస్తీకి ఒరిగేది తక్కువ, కనీసం అక్కడి కొట్టులోనే టీ తాగండి, ఏదైనా కొనండి.

మేం దిగింది లక్డీకాపూల్‌లో ఒక మామూలు లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది కానీ, రోజంతా వేడినీళ్ళు అని చెప్పి పొద్దున ఎనిమిదికే ఆపేశారు. అడిగితే కౌంటర్‌లో విసుక్కున్నారు. గది తీసుకునే ముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. అయినా మళ్ళీ ఆ ప్రాంతంలోనే ఉంటాను, ఎందుకంటే మెట్రో పక్కనే. ట్రాఫిక్ టెన్షన్ లేకుండా అన్నిచోట్లకీ వెళ్ళొచ్చాం.

మొజంజాహీ మార్కెట్‌కి గాంధీ భవన్ స్టేషన్‌లో దిగి నడిచాం. 1935 నాటి రాతి కట్టడం. బోర్డులు, రేకులు తీసేసి బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మధ్యలో ఉన్న ఖాళీ ఆవరణలో అప్పుడప్పుడు సాంస్కృతిక కార్యక్రమాలు పెడుతున్నారు. మేం వెళ్ళిన సాయంత్రం ఏమీ లేవు, ఐస్‌క్రీమ్ తిని కూర్చున్నాం. కార్యక్రమం ఉన్న రోజు చూసుకుని వెళ్తే బాగుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది బన్సీలాల్‌పేట మెట్లబావి. ఎంజీబీఎస్‌లో రైలు మారి గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో దిగితే అక్కడినుంచి ఆటో దొరుకుతుంది. నాగన్నకుంట అని పిలిచే ఈ పాత బావి దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయి, ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ బృందం, జీహెచ్ఎంసీ కలిసి చెత్తంతా తోడించి రాళ్ళు నిలబెట్టి 2022 డిసెంబర్‌లో ప్రజలకి తెరిచారు. పైనుంచి చూస్తే రాతి స్తంభాల వరసలు ఒకదాని కింద ఒకటి, అడుగున నీళ్ళు. స్తంభాల నీడలో ఎండాకాలం కూడా చల్లగా ఉంటుందని కావలిమనిషి చెప్పాడు. మేం ఉన్నంతసేపూ పైన గచ్చు మీద స్కూల్ ఫంక్షన్ కోసం కొందరు ఆడపిల్లలు డాన్స్ స్టెప్పులు వేసుకుంటున్నారు, వాళ్ళ అమ్మలు పక్కన కూర్చుని కబుర్లు. టూరిస్టులకన్నా బస్తీవాళ్ళే ఎక్కువ. బాగుచేసిన చోటు ఎలా ఉండాలని అడిగితే నేను ఇదే చూపిస్తాను.

ఈసారి కుదరనిది సురభి నాటకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన నాటక సమాజం అది. ఆ కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉంటున్నారు, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ రంగస్థలం మీదే. ప్రదర్శన ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే కనుక్కుని ప్రయాణం పెట్టుకోండి. పాస్ కోసం చూడకుండా టికెట్ కొనుక్కునే వెళ్ళండి.