ఏం చదవాలని అడిగితే ఎదురు ప్రశ్నలు వేసే లైబ్రరీ

విశాఖ ఎంవీపీ కాలనీలో రైతుబజారు దాటి లోపలి వీధుల్లోకి వెళ్తే, రిటైరైన ఉద్యోగులు కొందరు కలిసి నడుపుతున్న లైబ్రరీ ఒకటుంది. పేరు రాయొద్దని అక్కడి మేడమ్ ముందే చెప్పేశారు. ఉన్న సభ్యులకే పుస్తకాలు చాలడం లేదట. సరే, రాయను. ఆ చుట్టుపక్కల పాలబూత్‌లో ఎవర్నడిగినా చూపిస్తారు. కింద ఒక హాలు, మేడ మీద ఒక గది, మెట్ల కింద చెప్పుల స్టాండు. ఏసీ లేదు. పోటీ పరీక్షలకి రోజంతా కూర్చుని చదువుకుందామనుకునేవాళ్లు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకే వెళ్లండి, ఇక్కడ కుర్చీలు కూడా సరిపోవు. అయినా అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగూ "ఏం చదవమంటారు?" అని అడిగితే అక్కడి ఇద్దరు మనుషులు చేసే పనికి.

మేడమ్ ఏదో ప్రభుత్వ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. రెండోవాడు ఏయూలో లైబ్రరీ సైన్స్ చదువుతూ సాయంత్రాలు ఇక్కడ పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు. కౌంటర్ వెనక గోడకి, మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఫొటో, దాని కింద 1931లో ఆయన పుస్తకంగా అచ్చేసిన అయిదు సూత్రాలు తెలుగులో చేత్తో రాసి అతికించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, అలా.

నేను చేరినప్పుడు "ఏదైనా మంచి నవల ఇవ్వండి మేడమ్" అన్నాను, అందరూ అనేదే. ఆవిడ బీరువా వైపు కూడా చూడలేదు. "ఈ మధ్య ఏ పుస్తకం సగంలో వదిలేశారమ్మా?" అన్నారు. ఒక లావుపాటి నవల పేరు చెప్పాను. "ఎందుకు వదిలేశారు, విసుగొచ్చా, బాధేసా?" విసుగొచ్చే. ఒక్కో మనిషి గుమ్మంలోకి రావడానికే పది పేజీలు పడుతోంది. "ఎక్కడ చదువుతారు?" గాజువాక ఆఫీసుకి వెళ్లొచ్చే బస్సులో. "సీటు దొరుకుతుందా?" వెళ్లేటప్పుడు దొరుకుతుంది, వచ్చేటప్పుడు నిలబడాలి. ఇదంతా అయ్యాక రావిశాస్త్రి గారి 'అల్పజీవి' తీసి చేతిలో పెట్టారు. ఒంటి చేత్తో పట్టుకుని నిలబడి చదవగలిగే పుస్తకం. మన ఊళ్లోనే ప్లీడరుగా చేసిన మనిషి రాసింది, నేను అప్పటిదాకా చదవలేదు.

అట్ట లోపల ఒక చీటీ ఉంది. ఈ లైబ్రరీలో అన్నిటికన్నా నాకు నచ్చినవి ఈ చీటీలే. పోస్టుకార్డులో సగం ముక్క, పెన్సిల్‌తో రాసిన మూడు నాలుగు వాక్యాలు. 'అల్పజీవి' చీటీ మీద ఇలా ఉంది: "సుబ్బయ్య అనే పిరికి గుమాస్తా. బయట జరిగేది తక్కువ, అతని తలలో జరిగేది ఎక్కువ. చకచకా కథ నడవాలనుకునేవాళ్లు తీసుకోవద్దు. ఆఫీసులో పైవాడికి భయపడేవాళ్లు తప్పక తీసుకోవాలి." కింద వేరే చేతిరాతతో, కుర్రాడిదనుకుంటా, "నాకు సుబ్బయ్య మీద కోపమొచ్చింది, అయినా వదల్లేదు" అని ఉంది. ఎవరికి నచ్చదో కూడా రాసిపెట్టడం నేనింకెక్కడా చూడలేదు. ఆన్‌లైన్‌లో కొనేచోట అన్నీ అద్భుతాలే, ఒకటి కొంటే అలాంటివే ఇంకో ఇరవై చూపిస్తాడు. ఈ చీటీ చదివి పుస్తకం వెనక్కి పెట్టేసినవాళ్లని నేను చూశాను. మేడమ్ ఏమీ అనుకోరు. ఇంతకీ సుబ్బయ్యలు మా ఆఫీసులో ఇద్దరున్నారు, పేర్లు అనవసరం.

మా అత్తయ్యగారి సంగతి వేరు. షుగర్ వల్ల చూపు తగ్గింది. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ ఒక్కటి కూడా వదలని మనిషి, ఇప్పుడు టీవీ కూడా వినడమే. ఆవిడకేం తీసుకెళ్లమంటారని అడిగితే మేడమ్ అత్తయ్యగారి గురించి ఒక్క ముక్కా అడగలేదు. "చదివి వినిపించేదెవరు? ఎంతసేపు?" అన్నారు. నేనే, లేకపోతే మావాడు, రాత్రి భోజనాలయ్యాక ఆవిడ నిద్రపోయేదాకా. అయితే నవల వద్దన్నారు. కథ పావుగంటలో అయిపోవాలి, మధ్యలో కునుకు పట్టేసి మర్నాడు మళ్లీ మొదట్నించీ చదవాల్సొచ్చినా చదివేవాళ్లకి విసుగు రాకూడదు, పైగా నోటితో చదువుతుంటే మాట్లాడుతున్నట్టు ఉండాలి. ఈ లెక్కలన్నీ వేసి చాసో కథలు ఇచ్చారు. అత్తయ్యగారిది విజయనగరం, చాసో గారిదీ విజయనగరమే. ఆ సంగతి మేడమ్‌కి తెలీదు కూడా.

అందులో 'వాయులీనం' అని ఒక కథ ఉంది. భార్య జబ్బు చేస్తే ఖర్చులకి ఆమె ఫిడేలు అమ్ముడుపోతుంది. అది చదివిన రాత్రి అత్తయ్యగారు నిద్రపోలేదు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కుర్రాడితో ఆ మాటంటే, "ఉండండి మేడమ్" అని పైకెళ్లి ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ సీడీ పట్టుకొచ్చాడు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, అక్కడే ప్రిన్సిపాలైన మనిషి. "ఈయనకీ చిన్నప్పట్నించీ చూపు ఆనేది కాదంట, మామ్మగారికి చెప్పండి" అన్నాడు. చెప్పాను. "నాకెందుకు తెలీదే, మా నాన్నగారు ఫిడేలు నాయుడుగారనేవారు" అని అత్తయ్యగారే నాకు పాఠం చెప్పారు. కథలోంచి పాటలోకి ఇలా దారి వేయడం ఆ అబ్బాయి ప్రత్యేకత. 'కన్యాశుల్కం' నాటకం తీసుకున్నవాళ్లకి 1955లో వచ్చిన సినిమా డిస్కు కూడా కట్టబెడతాడు. మధురవాణిగా సావిత్రిని చూశాక నాటకం మళ్లీ చదవమంటాడు. దానికి సంగీతం చేసిన ఘంటసాల చదువుకున్నది కూడా విజయనగరం కాలేజీలోనే, నాటకం మొదట ఆడింది కూడా 1892లో ఆ ఊళ్లోనే అని కౌంటర్ దగ్గర లైనులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్తాడు. వెనకున్న పెద్దాయన ఒకాయన "బాబూ, నా పుస్తకం రాసేసి చెప్పుకోరా" అన్నారు. ఆయన బాధా న్యాయమే.

మావాడు ఇంటర్ ఎంపీసీ. పుస్తకమంటే కోచింగ్ మెటీరియలే అనుకునే బాపతు. వాణ్ని లాక్కెళ్తే మేడమ్ పలకరించి ఊరుకున్నారు, కుర్రాడికి వదిలేశారు. "ఏటి బాబూ, కుక్కలంటే ఇష్టమేనా?" అని అడిగి పతంజలి గారి 'వీరబొబ్బిలి' ఇచ్చాడు. రాజుల లోగిల్లో ఒక కుక్క, దాని దర్జాలు. పల్చటి పుస్తకం. మావాడు అది చదువుతూ ఒక్కడే నవ్వుకోవడం వినిపించింది నాకు. తర్వాత సినిమా అడిగాడు. మేడమ్ రెండు చెప్పారు: 1978లో బాలచందర్ తీసిన 'మరోచరిత్ర', 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. రెండూ మన ఊళ్లో తీసినవే, మధ్యలో నలభై ఏళ్లు. మొదటిది నలుపు తెలుపు, మన బీచ్, భీమిలి. రెండోదాన్లో నటించినవాళ్లు చాలామంది ఆ పేటవాళ్లే. "వరసగా చూడు, ఊరు ఎంత మారిందో కాదు, ప్రేమించుకున్నవాళ్లకి ఊళ్లో ఎవరు అడ్డం వస్తున్నారో చూడు" అన్నారు. రెండోది తమ దగ్గర లేదు, ఇంట్లో ఓటీటీలో చూసుకోమని చెప్పారు. తన దగ్గర లేనిదాన్ని కూడా సిఫారసు చేసే షాపు ఉంటుందా?

ఇంకో సంగతి. 'వాయులీనం' పేజీలో ఎవరో కన్నీళ్లో నీళ్లో పడి మరక ఉంది. ఇంతకుముందు ఎవరు తీసుకెళ్లారని సరదాకి అడిగాను. "అది చెప్పకూడదమ్మా" అన్నారు మేడమ్, నవ్వుతూనే, రిజిస్టరు మూసేసి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు వాళ్లు ఈవిడ దగ్గర ట్యూషన్‌కి వెళ్తే బాగుండును.

లోట్లు లేకపోలేదు. సంగీతం బీరువా చూస్తే బాధేస్తుంది. సముద్రపు గాలికి సగం క్యాసెట్లు బూజుపట్టాయి, విని చూద్దామంటే ప్లేయరు పాడైంది. పాటల్లో మేడమ్ 1980 దగ్గర ఆగిపోయారు. మావాడు ర్యాప్ అడిగితే కుర్రాడు ఫోన్ తీసి తనవే వినిపించాడు గానీ, మేడమ్ ముఖం చూడాలి. పిల్లల పుస్తకాలు పేరుకే. ఇక గోడ మీది సూత్రాల్లో నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమని. దాని కిందే కూర్చుని ప్రతి పుస్తకం పేరు, నంబరు, తేదీ మూడు రిజిస్టర్లలో చేత్తో రాస్తారు. కంప్యూటర్ ఉంది, దాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంటుంది.

వెళ్లేవాళ్ల కోసం: డిపాజిట్ 500, నెలకి 80. రెండు పుస్తకాలు, ఒక డిస్కు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా, సోమవారం సెలవు. శనివారం ఆరు దాటాక వెళ్తే మేడమ్ చుట్టూ జనం, మీ వంతు రాదు. గురువారం ఖాళీగా ఉంటుంది. బీరువాల జోలికి పోకముందు కౌంటర్ పక్కన స్టూలు మీద, ఆ రోజు తిరిగొచ్చిన పుస్తకాల దొంతర చూడండి, మంచివి అక్కడే దొరుకుతాయి. చిల్లర పట్టుకెళ్లండి. ఫోన్‌పే స్టిక్కరైతే అంటించారు గానీ, లోపల సిగ్నల్ ఉండదు.