బీఎఫ్ఏ మేలా, బీఏ మేలా? మా అమ్మాయి యాక్టింగ్ కాలేజీల లిస్టు ఎలా తయారైందంటే

మొన్న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఒకావిడ నన్ను పక్కకి పిలిచి "మా వాడు లెవెన్త్ గ్రేడ్ అండీ, యాక్టింగే చదువుతానని పట్టుబట్టి కూర్చున్నాడు, మీ పాప అప్లై చేసిన కాలేజీల లిస్టు కాస్త వాట్సాప్ చేస్తారా" అని అడిగారు. పంపించా గానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు, ఎందుకంటే మేం మొదట రాసుకున్న లిస్టే తప్పు. పేరున్న కాలేజీలన్నీ వరసపెట్టి 16 రాసేశాం, పదహారూ ఆడిషన్ పెట్టేవే, ఖాయంగా సీటొస్తుంది అనుకునేది ఒక్కటీ లేదు. తర్వాత మా ఆయనా నేనూ పిల్లా కూర్చుని దాన్ని 9కి తెచ్చాం. ఏవి ఎందుకు తీసేశాం, ఏవి ఉంచాం అన్నదే మీకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక మాట. మన ఊళ్ళల్లో బీఏ అంటే ఇంకెక్కడా సీటు రానివాళ్ళు చదివేది అని ఒక చిన్నచూపు ఉండేది కదా, ఆ చూపు పట్టుకుని ఇక్కడి బీఏని చూడకండి. నేనూ అలాగే చూశా, రెండు నెలలు వృథా అయింది.

బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటే చదువులో దాదాపు మూడింట రెండు వంతులు నటన, వాయిస్, మూవ్‌మెంట్, స్పీచ్, ఇవే. పొద్దున్న స్టూడియోలోకి వెళ్తే సాయంత్రం దాకా అదే పని, రాత్రి రిహార్సల్. బీఏలో థియేటర్ వాటా మూడో వంతో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది, మిగతాది వేరే సబ్జెక్టులు, కావాలంటే రెండో మేజర్ కూడా చేసుకోవచ్చు. రెంటికీ మధ్యలో ఉండేవి కూడా ఉన్నాయి, ఉదాహరణకి మన్‌హాటన్‌లో లింకన్ సెంటర్ దగ్గరున్న ఫోర్డమ్ ఇచ్చేది బీఏనే కానీ పర్ఫార్మెన్స్ ట్రాక్‌కి ఆడిషన్ పెడతారు. అందుకే డిగ్రీ పేరు ఒక్కటే చూసి ఎత్తెయ్యకుండా మొదటి రెండేళ్ళ టైంటేబుల్ తెప్పించుకుని చూడండి. ఇంకోటి, బీఎఫ్ఏలో చేరగానే స్టేజి ఎక్కేస్తారనుకుంటాం, కానీ చాలా చోట్ల ఫస్టియర్ పిల్లల్ని పెద్ద నాటకాల్లోకి తీసుకోరు, ముందు శిక్షణే. మా అమ్మాయికి అది నచ్చింది, దాని ఫ్రెండుకి అస్సలు నచ్చలేదు, చూడండి ఆ ఒక్క విషయంతోనే ఇద్దరి లిస్టులూ వేరైపోయాయి.

పెద్ద పేర్ల సంగతి. కార్నెగీ మెలన్ 1914లో ఈ దేశంలో మొట్టమొదట డ్రామాలో డిగ్రీ కోర్సు మొదలుపెట్టిన చోటు, జూలియార్డ్ బీఎఫ్ఏలోకి ఏడాదికి తీసుకునేది 8 నుంచి 10 మందిని మాత్రమే, వేల మంది పిల్లలు అప్లై చేసే చోట 10 సీట్లంటే అది ప్లాన్ ఎలా అవుతుంది చెప్పండి, ఆశ అవుతుంది. ఆశ ఉండకూడదని కాదు, ఒకటో రెండో ఉంచుకోండి. ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) టిష్ స్కూల్‌ది వేరే పద్ధతి, అక్కడ పిల్లల్ని స్టెల్లా ఆడ్లర్, స్ట్రాస్‌బర్గ్, అట్లాంటిక్ ఇలా వేరు వేరు స్టూడియోల్లో వేస్తారు, ఏ స్టూడియోలో పడ్డారన్నదాన్ని బట్టి చదువే మారిపోతుంది. ఆడిషన్ ఒక్కటే కాదు, మార్కులు కూడా గట్టిగా చూస్తారు. కానీ హాస్టలూ తిండీ అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది. దాని గురించి కింద చెప్తా.

ఆడిషన్ అంటే ఒకరోజు వెళ్ళి చేసొచ్చేది అనుకున్నా నేను. మా నాన్నగారు తెనాలిలో పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు, ఆయన్ని హార్మోనియం పక్కన నిలబెట్టి పద్యం ఎత్తుకోమన్నారట, గొంతు నచ్చింది, అంతే, వేషం ఇచ్చేశారు. ఇక్కడ ముందు ప్రీస్క్రీన్ వీడియో, అంటే మొదటి వడపోతకి ఇంట్లో తీసుకున్న వీడియో, పంపాలి, చాలా కాలేజీలకి నవంబర్, డిసెంబర్ మొదట్లోనే గడువు. అది దాటితేనే జనవరి, ఫిబ్రవరిలో అసలు ఆడిషన్. మేం బేస్‌మెంట్‌లో గోడకి నీలం దుప్పటి కట్టి, ఫోను ట్రైపాడ్‌కి పెట్టి తీశాం, రెండు మోనోలాగ్స్ (ఒక్కరే చెప్పే డైలాగు ముక్కలు), ఒకదానికొకటి పొంతన లేని పాత్రలు. నేను మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒక టేక్ ఎంత బాగా వచ్చిందంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చూస్తే 94 సెకన్లు. లిమిట్ 90. "మళ్ళీ చేస్తా, నువ్వు పైకెళ్ళి ఆ డ్రయర్ ఆపెయ్ అమ్మా" అంది. నాలుగు సెకన్ల కోసం ఆ శనివారమంతా పోయింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, లిస్టులో చేర్చే ప్రతి ఆడిషన్ కాలేజీకీ ఇలాంటి ఒక శనివారం పెట్టాలి, వీడియో రూల్స్ చాలావరకు ఒకేలా ఉన్నా ఎవరి ఎస్సే వాళ్ళదే, ఎవరి ఫీజు వాళ్ళదే. ఒక కోచ్ మాకు 22 కాలేజీలకి పెట్టమని సలహా ఇచ్చారు, ట్వెల్త్ గ్రేడ్ చదువుతూ 22కి పిల్ల ఏం పెట్టగలదండీ, నిద్రపోవద్దా.

ఇప్పుడు బీఏ వైపు. నార్త్‌వెస్టర్న్‌లో థియేటర్ మేజర్‌కి అసలు ఆడిషనే లేదు, చదువు బాగుండాలి, ఎస్సేలు బాగుండాలి. మన పిల్లల్లో చాలామందికి మార్కులు ఎలాగూ ఉంటాయి, ఆ బలాన్ని వాడుకునే దారి ఇది. నటనతో పాటు రాయడం, డైరెక్షన్, లైటింగ్ అన్నీ ముట్టుకోవాలనుకునే పిల్లలకి బీఏ నిజంగా మేలు, అది రెండో రకం చదువు ఏం కాదు. పైగా తర్వాత మాస్టర్స్ దారి ఉంది. యేల్ డ్రామా స్కూల్‌లో 2021 నుంచి ఎవరికీ ట్యూషన్ ఫీజు లేదు, జూలియార్డ్ కూడా నటనలో ఎంఎఫ్ఏకి 2024 నుంచి ట్యూషన్ తీసేసింది. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నిజమే, కానీ 18 ఏళ్ళప్పుడు అప్పు చేసి కొనుక్కునే శిక్షణ 23 ఏళ్ళకి ఫీజు లేకుండా దొరికే అవకాశం ఉందని తెలిస్తే ఇంట్లో మాటలే మారతాయి.

డబ్బు సంగతి దాచుకోకుండా మాట్లాడుకోవాలి. పిల్ల పేరు మీద ఫెడరల్ లోన్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) మొదటి ఏడాదికి 5,500 డాలర్లే, నాలుగేళ్ళకీ కలిపి 27,000. మిగతాది మనమే. పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ లోన్) కూడా 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఏడాదికి 20,000, ఒక్కో పిల్లకి మొత్తం 65,000 దాటనివ్వరు. 90 వేల కాలేజీకి ఇది ఏ మూలకి? కొత్త యాక్టర్ సంపాదనతో ప్రైవేట్ లోన్ కట్టడం అయ్యే పని కాదు, నెలనెలా వాయిదా కట్టడానికి ఆఫీసు ఉద్యోగంలో చేరాల్సి వస్తే ఇక ఆడిషన్లకి ఎప్పుడు వెళ్తుంది. అందుకే మేం, సొంత స్టేట్ వాళ్ళకి ఫీజు తక్కువుండే స్టేట్ కాలేజీల బీఎఫ్ఏలని లిస్టులో పైకి తెచ్చాం. న్యూజెర్సీ వాళ్ళకి రట్‌గర్స్ మేసన్ గ్రాస్ ఉంది, న్యూయార్క్ వాళ్ళకి సునీ పర్చేస్ ఉంది, నార్త్ కరోలినా వాళ్ళకి విన్‌స్టన్ సేలంలో యూఎన్‌సీ స్కూల్ ఆఫ్ ది ఆర్ట్స్ ఉంది, మూడూ ఆడిషన్ పెట్టి తీసుకునే గట్టి కన్జర్వేటరీలే (శిక్షణే ప్రధానంగా ఉండే కళల స్కూళ్ళు). ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (మనం నిజంగా ఎంత కట్టాల్సి వస్తుందో అంచనా వేసేది) ఉంటుంది, ప్రీస్క్రీన్ తియ్యకముందే అందులో మీ ఆదాయం కొట్టి చూసుకోండి, సీట్ల సంగతి తేలే ఏప్రిల్‌లో ఏడవక్కర్లేదు.

హెచ్-4 (హెచ్-1బీ మీదున్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లల తల్లిదండ్రులు ఈ పేరా మాత్రం నిదానంగా చదవండి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది గానీ మా అక్క కొడుకు హెచ్-4, వాడి కోసం ఇదంతా తవ్వాం. ఫెడరల్ లోన్, గ్రాంట్ ఏవీ రావు. ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది స్టేట్‌ని బట్టి మారుతుంది, కాలేజీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. హెచ్-4 మీద పనిచెయ్యకూడదు, అంటే వేసవిలో ఏ థియేటర్ కంపెనీ వాళ్ళో పిలిచి డబ్బిచ్చే వేషం ఇస్తామన్నా తీసుకోలేడు. 21 నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకొచ్చే అదనపు 24 నెలలు థియేటర్ డిగ్రీకి రావు. అందుకని వాడి విషయంలో నేను గట్టిగా చెప్పింది బీఏ, థియేటర్‌తో పాటు స్టెమ్ కింద లెక్కకొచ్చే రెండో మేజర్ ఒకటి. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, నాకూ బాధేసింది, కానీ వాడు ఇక్కడే ఉండి నటించాలంటే ముందు ఇక్కడ ఉండటం కుదరాలిగా.

మొత్తానికి మా తొమ్మిది ఇలా తేలాయి: ఆశ కొద్దీ రెండు, స్టేట్ కాలేజీల బీఎఫ్ఏ మూడు, స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చనిపించిన ప్రైవేట్ బీఎఫ్ఏ ఒకటి, బీఏ మూడు, వాటిలో రెంటికి ఆడిషన్ లేదు. రోజంతా స్టూడియోలో నలిగినా ఆనందపడే పిల్లయితే సొంత స్టేట్ బీఎఫ్ఏ మేలు, ఇంకో ఆసక్తి కూడా బలంగా ఉంటే, లేదా వీసా చిక్కు ఉంటే బీఏ మేలు, పూర్తి ఫీజు కట్టి ప్రైవేట్ బీఎఫ్ఏ మాత్రం అంత డబ్బు చేతిలో ఉన్నవాళ్ళకే అని నా గట్టి అభిప్రాయం.

ఏప్రిల్లో చేతిలో మిగిలినవి మూడు. ప్రైవేట్ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చాక కూడా ఏడాదికి 60 వేలు పైనే తేలింది, ఇక స్టేట్ బీఎఫ్ఏ ఒకటి, బీఏ ఒకటి. రెండూ చూసొద్దామని వెళ్ళాం. స్టేట్ కాలేజీలో మాకు బిల్డింగ్ చూపిస్తున్న సెకండియర్ అబ్బాయిని మా అమ్మాయి "ఈ వారం క్లాసులో ఏం చేశారు" అని అడిగింది. ఆ అబ్బాయి చెప్పకుండా బూట్లు విప్పేసి లాబీలో నేల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఎక్కణ్ణించి లేస్తుందో చూపించడం మొదలుపెట్టాడు. తిరిగి చూసేసరికి మా పిల్ల కోటూ బ్యాగూ నా చేతిలో పెట్టి ఆ పక్కనే పడుకునుంది.