మయోఫంక్షనల్ థెరపీ: కొన్నేళ్లు వాడి చూశాక ఒక స్పీచ్ థెరపిస్టు మాట

నాలుక, పెదాలు, ముఖం కండరాలకి వ్యాయామాలు చేయించి, నాలుక ఉండే చోటునీ గుటక వేసే తీరునీ సరిచేసేదే మయోఫంక్షనల్ థెరపీ. నన్ను ఇటు లాక్కొచ్చింది ఆర్థోడాంటిస్టులు (పళ్ల వరస సరిచేసే డాక్టర్లు) పంపే పిల్లలే. క్లిప్పులు తీసిన కొన్నాళ్లకే పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య మళ్లీ సందు. నోరు తెరిచే ఉంటుంది, నాలుక పళ్ల మధ్య కనబడుతూ ఉంటుంది, ‘స’ అనమంటే ‘థ’కి దగ్గరగా పలుకుతారు. డిగ్రీలో మేం దీని గురించి చదివింది కొద్దిపాటే. అందుకని ఆన్‌లైన్ కోర్సు చేశాను. ఫీజు డాలర్లలో, బాగానే తగిలింది. పాఠాలు బాగున్నాయి గానీ, మాట నుంచి నిద్ర దాకా అన్నిటికీ ఇదే మందన్నట్టు చెప్పడమే నచ్చలేదు.

రోజూ నేను వాడేది క్లిప్పులకి వేసే చిన్న రబ్బరు బ్యాండ్. దాన్ని నాలుక కొన మీద పెట్టి, పై పళ్ల వెనక చిగురు దాటగానే ఉండే గరుకు చోట ఆనించమంటాను. పళ్లు కలిపి, పెదాలు తెరిచి, అద్దంలో చూస్తూ గుటక వేయాలి. నాలుక ముందుకు తోస్తే బ్యాండ్ జారి బయటికొస్తుంది. నేను తప్పు పట్టక్కర్లేదు, పిల్లవాడికే తెలిసిపోతుంది. నాలుకని మొత్తంగా అంగిలికి అతికించి, అలాగే నోరు తెరవడం ఇంకొకటి. అది పెద్దవాళ్లకీ చెమటలు పట్టిస్తుంది.

అయితే గుటక క్షణంలో అయిపోయే పని. మిగతా రోజంతా నాలుక ఎక్కడుంటుందన్నదే పళ్లకి ముఖ్యం. పెదాలు మూసి, నాలుక పైన పెట్టి, ముక్కుతో గాలి పీల్చడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. చాలామంది తల్లిదండ్రులు నెల తిరిగేసరికి మానేస్తారు. అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండలాంటి భాగం) పెరిగి ముక్కు మూసుకుపోయిన పిల్లలకి ఇవేవీ పని చేయవు. ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సిందే. నోటికి టేప్ వేసి పడుకోబెట్టమనే రీల్స్ చూసొచ్చి అడిగేవాళ్లకీ నేనదే చెప్తాను.

ఇక మాట సంగతి. వ్యాయామాలతోనే ‘స’ బాగుపడటం నేను చూడలేదు. నాలుక చోటు కుదిరాక సంచి, సబ్బు, బస్సు అంటూ పదాల సాధన విడిగా చేయించాల్సిందే. ఊదుడు బొమ్మలు, ఈలలు మాటని తెస్తాయంటే నేను నమ్మను.

గురక, స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం) విషయంలో ఈ థెరపీకి ఆధారాలు కొంత మెరుగు. 2015లో ‘స్లీప్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, నిద్రలో శ్వాస ఆగడం పెద్దల్లో సుమారు సగం, పిల్లల్లో 62 శాతం తగ్గింది. అందులో లెక్కకి తీసుకున్నవి మాత్రం చిన్న చిన్న అధ్యయనాలే. నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మెషిన్ వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా దాన్ని పక్కన పెట్టకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. గోడ మీది విదేశీ సర్టిఫికెట్ దాని తర్వాతే. మొదటి రోజే నాలుకని కింద పట్టి ఉంచే తీగలాంటి పొర కోయించమంటే ఇంకొకరి సలహా కూడా తీసుకోండి.