486కి ‘133 అప్‌గ్రేడ్ బోర్డు’ కొంటున్నారా? ఆన్ అయినంత మాత్రాన నమ్మకండి

పాత 486 కంప్యూటర్లకు (1990ల నాటి, 486 రకం ప్రాసెసర్ ఉన్నవి) సరిపోయే ప్రాసెసర్ అప్‌గ్రేడ్ బోర్డు అంటూ ఆన్‌లైన్‌లో ఒక పచ్చ బోర్డు అమ్ముతున్నారు. ‘133 మెగాహెర్ట్జ్, 5 వోల్టుల మదర్‌బోర్డులో నేరుగా పెట్టుకోవచ్చు’ అని రాసుంటుంది. చిప్ మీద నల్లటి హీట్‌సింకు, ఆ పైన చిన్న ఫ్యాను. హీట్‌సింకుని క్లిప్‌తో కాకుండా గట్టి జిగురుతో అతికించేశారు. పెట్టె మీద కంపెనీ పేరు లేదు. ధర ఏడు వేల పైమాటే. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, కంప్యూటర్ లేచింది కదా అని ఊరుకోకుండా ఇది పూర్తిగా చదవండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మావయ్య ఒకప్పుడు ఇక్కడ జాబ్ టైపింగ్ చేసేవారు. ఒడియా వాళ్లకి ఒడియాలో, మనవాళ్లకి తెలుగులో. రెండూ ఒకే మిషను మీద కుదిరేవంటే కారణం పుణె సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు. డాస్ (విండోస్‌కి ముందు నాటి ఆపరేటింగ్ సిస్టం) మీద మన లిపులన్నీ చూపించే కార్డు అది, ఐఎస్ఏ స్లాట్‌లో కూర్చుంటుంది. ఇప్పటి కంప్యూటర్లలో ఆ స్లాటే ఉండదు. అందుకే ఆ 486డీఎక్స్-33ని పారేయకుండా ఉంచుకున్నాం. 2013లో ఫైలిన్ తుఫానుకి కూడా అది అటక మీద గోనెసంచి కప్పుకుని క్షేమంగా బయటపడింది. దానికి కాస్త వేగం తెద్దామన్న సరదాతోనే ఈ బోర్డు కొన్నాం.

ఇలాంటి బోర్డులు అసలు మోసమే అనుకోకండి. 1995 చివర్లో ఏఎండీ 5ఎక్స్86 అనే చిప్ వచ్చింది. 133 మెగాహెర్ట్జ్, లోపల 16 కిలోబైట్ల క్యాష్ (మాటిమాటికీ వాడే సమాచారాన్ని చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ). వేగంలో పెంటియం 75కి సాటి అని చెప్పడానికి దాని మీద పీ75 అని కూడా వేశారు. కింగ్‌స్టన్ టర్బోచిప్, ఎవర్‌గ్రీన్ 586 లాంటివి ఈ చిప్‌నే ఒక చిన్న బోర్డు మీద పెట్టి అమ్మాయి. ఇంటెల్ సొంత పెంటియం ఓవర్‌డ్రైవ్ 63, 83 మెగాహెర్ట్జ్‌లలో వచ్చింది గానీ దానికి అదనపు వరస పిన్నులుంటాయి, మా మదర్‌బోర్డులోని 168 పిన్నుల పాత సాకెట్‌లో పట్టదు. కాబట్టి మాలాంటి వాళ్లకి దారి ఏఎండీదే.

మధ్యలో ఆ చిన్న బోర్డు ఎందుకంటే, తొలినాళ్ల 486 మదర్‌బోర్డులు ప్రాసెసర్‌కి 5 వోల్టులే ఇస్తాయి. 5ఎక్స్86కి కావాల్సింది 3.45 వోల్టులు. నేరుగా పెడితే మాడిపోయే ప్రమాదం ఉంది. బోర్డు మీద మూడు కాళ్ల వోల్టేజ్ రెగ్యులేటర్ ఒకటి ఉండి, 5 వోల్టులు తీసుకుని 3.45 బయటికి ఇస్తుంది. మీరు డబ్బు పోసేది చిప్‌కి ఎంతో దానికీ అంతే.

పార్సిల్ వచ్చింది. ఒకటో పిన్ను మూల చూసుకుని పెట్టాం. (పాత సాకెట్లలో తప్పు దిక్కున కూడా దిగిపోతుంది, జాగ్రత్త.) వెంటనే లేచింది. వేగం పెరిగినట్టు తెలిసిపోతూనే ఉంది. మావయ్య అయితే మురిసిపోయారు. కానీ ఆన్ చేసినప్పుడు బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం) తెర మీద వచ్చింది ‘486డీఎక్స్2, 66’ అని. అంటే 5ఎక్స్86 కంటే పాతదైన 66 మెగాహెర్ట్జ్ చిప్.

అమ్మినవాళ్లని అడిగితే జవాబు సిద్ధంగా ఉంది: ‘మీ బయాస్ పాతది సార్, కొత్త చిప్‌ని గుర్తుపట్టదు.’ ఇందులో సగం నిజం ఉంది, ఇబ్బందంతా అక్కడే. 5ఎక్స్86 రాకముందు రాసిన బయాస్‌లు దాన్ని డీఎక్స్4 అనో ఇంకోటనో చూపించడం మామూలే. చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. ‘సూపర్, స్పీడ్ డబుల్ అయింది’ అని ఐదు నక్షత్రాలిచ్చిన వాళ్లందరిదీ ఇదే కథ అయ్యుంటుందని నా అనుమానం. మావయ్య కూడా ‘స్పీడయింది కదరా, ఇంకేటి?’ అన్నారు.

ఇంకేటో చెప్తాను. 5ఎక్స్86 మదర్‌బోర్డు క్లాక్‌కి మూడింతలుగానో నాలుగింతలుగానో తిరుగుతుంది. రెండింతలు దానికి లేనే లేదు. మా మదర్‌బోర్డు క్లాక్ 33 మెగాహెర్ట్జ్, దాని మీద అయితే 100 రావాలి, లేదా 133 రావాలి, 66 ఎలా వస్తుంది? బయాస్ పేరు తప్పు చెప్పొచ్చు. అందుకని డాస్‌లో స్పీడ్‌సిస్ అనే పరీక్ష ప్రోగ్రాం నడిపి చూశాం. 66 మెగాహెర్ట్జ్. క్యాష్‌చెక్ నడిపితే లోపలి క్యాష్ 8 కిలోబైట్లే అని తేలింది. ఇక చిప్‌లోనే చెక్కి ఉండే గుర్తింపు, సీపీయూఐడీ, చదివితే తయారీదారు పేరు చోట ‘జెన్యూయిన్ ఇంటెల్’ అని వచ్చింది! ఏఎండీ చిప్ తనని తాను ఇంటెల్ అని చెప్పుకోదు కదా. ఈ గుర్తింపుని మార్చడం బయాస్ వల్ల కాదు, కాబట్టి పాత బయాస్ సాకు ఇక్కడికి పనికిరాదు.

ఈ తెరల ఫోటోలన్నీ పంపాం. ‘పార్సిల్ విప్పిన వీడియో ఉందా?’ అన్నారు. ఉంది, పంపాం. అప్పుడు ‘చిప్ మీద రాసింది చూపించండి’ అన్నారు. చూపించాలంటే హీట్‌సింకు ఊడదీయాలి. హీట్‌సింకు ఊడదీస్తే వాపసు లేదని వాళ్ల షరతుల్లోనే రాసుంది! ఆ జిగురు వేడి కోసం కాదని అప్పుడు అర్థమైంది. వాపసు గడువు దాటిపోయి, డబ్బు వెనక్కి ఇవ్వబోమని వాళ్లు రాసిచ్చాకే మేం దాన్ని ఊడదీశాం. కింద చిప్ పైభాగం గరుకు కాగితంతో అరగదీసి, దాని మీద ఏఎండీ ముద్ర కొత్తగా కొట్టారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది తడిపి రుద్దితే అక్షరాలు దూదికి అంటుకొచ్చేశాయి.

ఇంతవరకైతే సగం ధర వస్తువుని పూర్తి ధరకి అంటగట్టారని తిట్టుకుని వదిలేసేవాణ్ణి. అసలు భయపడాల్సింది రెగ్యులేటర్ దగ్గర ఉంది. లోపల పెట్టింది 5 వోల్టుల డీఎక్స్2. దానికి 3.45 ఇస్తే నికరంగా పనిచేయదు. అందుకని వాళ్లు రెగ్యులేటర్ లోపలికొచ్చే కాలుకీ బయటికెళ్లే కాలుకీ మధ్య సీసం ముద్ద పోసి కలిపేశారు. అంటే బోర్డు మీద రెగ్యులేటర్ కంటికి కనిపిస్తుంది గానీ 5 వోల్టులు తిన్నగా చిప్‌కే పోతాయి. రేపు ఎవరైనా ‘చిప్ ఒక్కటే నకిలీ, బోర్డు బాగానే ఉంది కదా’ అని నిజమైన 5ఎక్స్86 కొని ఇందులో పెడితే, అది పాడైపోవచ్చు. ఇంతకంటే అసలు లేవని చెత్త బోర్డే నయం.

దీన్ని పట్టుకోవడానికి కరెంటు కూడా అక్కర్లేదు. బోర్డుని సాకెట్ నుంచి తీసి, చిప్‌ని కూడా తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి రెగ్యులేటర్ రెండు కాళ్లకీ, లోపలికి, బయటికి, ముట్టించండి. గట్టిగా బీప్ అంటే కలిపేశారన్నమాట. అయితే ఒక మాట: కొన్ని మంచి బోర్డుల్లో 5 వోల్టుల చిప్‌ల కోసం కావాలనే ఒక జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఇస్తారు. ఆ జంపర్ తీసి మళ్లీ చూడండి, బీప్ ఆగితే భయం లేదు. సీసం ముద్ద అయితే భూతద్దంలో తెలిసిపోతుంది. కంపెనీ అతుకులన్నీ ఒకేలా మెరుస్తుంటే ఇదొక్కటే మసకగా, ఉబ్బుగా ఉంటుంది. మా ఊళ్లో రేడియోలు బాగుచేసే పెద్దాయన చూసిన వెంటనే చేతి అతుకని చెప్పేశారు.

ఫోటోలు చూసి కొనాల్సి వస్తే, డబ్బు కట్టకముందే హీట్‌సింకు లేకుండా చిప్ ఫోటో, రెగ్యులేటర్ వైపు దగ్గర ఫోటో అడగండి. ‘సీల్ ఉంది, తీయలేం’ అంటే అక్కడితో వదిలేయండి. ముప్పై ఏళ్ల నాటి పాత వస్తువుకి సీల్ ఏమిటి? చిప్‌కి క్లిప్ హీట్‌సింకు ఉన్నదైతే మేలు. వచ్చాక హీట్‌సింకు ముట్టుకోకుండా ముందు సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేసి, తెర ఫోటోలు తీసి, గడువులోగానే వాపసు అడగండి. వరస తప్పితే వాళ్లకి సాకు దొరుకుతుంది.

అమ్మినవాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్నారు, మనమేం చేస్తాం అని కొందరు అంటున్నారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోటే, మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెప్పిన లక్షణాలు లేని సరుకు వెనక్కి తీసుకోనని వ్యాపారి అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. ఎప్పుడో ఒకసారి ఇంట్లో పాత సామాను అమ్ముకునేవాళ్లకి మాత్రం ఆ నియమాలు వర్తించవు, అందుకే కొనేటప్పుడే బిల్లు అడగాలి. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించడం తేలిక, మేమూ చేశాం.

ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఈలోగా అదే ఫోటోతో, వేరే పేరు మీద, ఐదొందలు తక్కువకి ఆ బోర్డు మళ్లీ అమ్మకానికి వచ్చింది. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు: ఫోటోలన్నీ ఫ్యాను వైపు నుంచే ఉంటాయి, రెగ్యులేటర్ ఉన్న అంచు ఒక్క ఫోటోలో కూడా పడదు.